మూడో అంతస్తు గాలి

మారేపల్లి హైమవతి దక్షిణవాహిని ఫైనాన్స్‌లో చేరేనాటికి ఆమెకు డబ్బు వ్యవహారాల గురించి తెలిసింది బహు తక్కువ. చదివింది రసాయనశాస్త్రం. అంతకుముందు నాలుగేళ్లు ఒక ఆసుపత్రిలో రోగుల ఊపిరిని గాజు గొట్టాల్లో పట్టి, అందులో జబ్బుల ఆనవాళ్లు వెతికేది. అలాంటి మనిషికి నానక్‌రాంగూడలో ఇరవై అంతస్తుల అద్దాల మేడలో, ఆరువేల మందితో నడిచే ఒక పెద్ద ఆర్థిక సంస్థ ఉద్యోగమిచ్చిందని విని స్నేహితులు నవ్వారు. మీ కంపెనీకి ఆయాసం గాని వచ్చిందా అని అడిగారు.

ఒక విధంగా జరిగింది అదే. ఆమె చేరడానికి కొన్ని నెలల ముందు ఒక మధ్యాహ్నం, ఎక్కడో పుట్టిన పుకారు విని నలభైమంది ఉన్న ఒక విభాగం బెదిరిపోయింది. ఉంచుకోవలసిన వాటాలన్నీ గంటలో తెగనమ్మింది. సాయంత్రానికి పుకారు అబద్ధమని తేలింది. విచారణ జరిపితే అందులో మోసం లేదు, పని రాకపోవడమూ లేదు. ఒకరిని చూసి ఒకరు భయపడ్డారు, అంతే. అప్పుడు కంపెనీ ఉపాధ్యక్షురాలు పింగళి మృదుల ఒక ప్రశ్న వేశారు. భయం మనుషుల్ని కమ్మేయకముందే దాన్ని పసిగట్టే దారి ఏదైనా ఉందా? ఆ ప్రశ్న చేతులు మారి మారి హైమ దాకా వచ్చింది. ఉందని హైమ చెప్పింది.

మనిషి బెదిరినప్పుడు తెలియకుండానే ఒళ్లు బిగుస్తుంది. బిగుసుకున్న కండరాల నుంచి ఒక పలచని వాయువు నెత్తుటిలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. దానికి రంగు లేదు, మన ముక్కుకు అందే వాసనా లేదు. హైమా, ఆమె కింద పనిచేసే నలుగురూ కలిసి పద్దెనిమిది నెలలు కష్టపడి, ఆ వాయువును పట్టే అగ్గిపెట్టంత పరికరాన్ని తయారుచేశారు. అందులో గాలిని లాగే చిన్న ఫ్యాను, దుమ్మును ఆపే ఫిల్టరు, సన్నని లోహపు రేకు. గాలి రేకును తాకగానే ప్రయోగశాల తెర మీద ఒక గీత కదిలేది. మనుషులు స్థిమితంగా ఉంటే గీత నిద్రపోతున్నట్టు ఉండేది. బెదిరితే లేచేది. మృదులగారే దానికి 'నెమ్మది' అని పేరు పెట్టారు.

నాలుగువందల పన్నెండు నెమ్మదులను, సంతకం పెట్టే అధికారమున్న ఒక్కొక్కరి బల్ల పక్కన ఒక్కొక్కటిగా, స్తంభాలకు బిగించారు. ఏ స్తంభం పక్కన ఎవరు కూర్చుంటారో ప్రయోగశాలకు చెప్పలేదు. హైమకు కనిపించేది అంకెలు మాత్రమే. అది ఆమె కోరి పెట్టించుకున్న నియమం. రెండు వారాల్లో ఐదుసార్లు గీత హద్దు దాటితే ఆ అంకె సిబ్బంది వ్యవహారాల విభాగానికి వెళ్లేది. అక్కడివాళ్లు ఆ మనిషిని తొమ్మిదో అంతస్తుకు పంపేవారు. జీతం తగ్గదు, హోదా పోదు. సంతకం పెట్టే అధికారం మాత్రం ఉండదు. మొక్కలు, మెత్తటి కుర్చీలు, నీలిరంగు గోడలు. కొన్నాళ్లు విశ్రాంతిగా పాత కాగితాలు సర్దుకుంటూ ఉండమనేవారు. శిక్ష కాదని మృదులగారు ప్రతి సమావేశంలోనూ చెప్పేవారు. ఆమె దాన్ని మనస్ఫూర్తిగానే నమ్మారు. హైమ కూడా నమ్మింది.

ఆమెకు ఆ కంపెనీ నచ్చింది. పొద్దున తొమ్మిదింటికి లిఫ్టుల ముందు మూడు వరసలు. గుర్తింపు కార్డు ఇంట్లో మరచిపోతే ఇరవయ్యేళ్ల సర్వీసున్నవాడైనా గేటు దగ్గర కొత్తవాడే. పై అంతస్తులో ఏ విభాగముందో చాలామందికి తెలియదు గాని, మంగళవారం క్యాంటీన్‌లో పెసరట్టు ఉంటుందని అందరికీ తెలుసు. ఒక్క కాగితాన్ని నలుగురు చదువుతారు, ఐదుగురు ప్రశ్నలు వేస్తారు, ఇద్దరు తప్పులు దిద్దుతారు. చివరికి ఎక్కడో ఒక ఊళ్లో ఎవరిదో కుట్టు దుకాణం తెరుచుకుంటుంది. ఆ సంగతి హైమకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ దుకాణాలు తెరిపించే బల్ల ఆమె అక్కది.

అక్క పేరు సునంద. నలభై అయిదేళ్లు. హైమ కంటే పద్నాలుగేళ్లు పెద్దది. హనుమకొండలో తండ్రి పోయినప్పుడు హైమ ఇంకా ఇంటర్ చదువుతోంది. సునంద అప్పటికే ఈ కంపెనీలో దరఖాస్తులు టైపు చేసే ఉద్యోగంలో ఉంది. ఆ జీతంతోనే చెల్లెల్ని డాక్టరేటు దాకా చదివించింది. మూడో అంతస్తులో చిన్న వ్యాపారాల రుణ విభాగానికి పెద్దయింది. పెళ్లి చేసుకోలేదు. చుట్టాలు దాన్ని త్యాగమంటే ఆమెకు ఒళ్లు మండేది. నాకు ఆఫీసంటే ఇష్టం, ఎవరి కోసమూ ఏదీ వదులుకోలేదు అనేది. అక్కాచెల్లెళ్లు కొండాపూర్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటూ, ఒకే స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లేవారు.

నెమ్మదులు బిగించిన ఆరో నెలలో, ఒక గురువారం సాయంత్రం ఇంటికి రాగానే సునంద ఒక కవరు బల్ల మీద పెట్టింది. ఒకటో తారీఖు నుంచి తొమ్మిదో అంతస్తుకు మారాలని అందులో ఉంది. మిగిలిన రెండు వారాల్లో పని వేరేవాళ్లకు అప్పగించమన్నారు.

హైమ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. కింద చిన్న అక్షరాల్లో స్తంభం ఇరవై ఏడు అని ఉంది. ఆ అంకె ఆమెకు తెలుసు. నాలుగు వారాలుగా తెర మీద అన్నిటికంటే ఎత్తుగా లేచే గీత అదే. ఆ మనిషెవరో పాపం, ఎంత భయంతో బతుకుతున్నారో అని తన జట్టుతో అన్నది కూడా గుర్తుంది.

“నాకేం భయం లేదు,” అంది సునంద. “మీ మిషనే తప్పు.”

మిషన్ తప్పు కాదని హైమ వాదించింది. పదిసార్లు సరిచూశామంది. ఆరోగ్యం బాగాలేదా, ఎవరైనా వేధిస్తున్నారా, తన దగ్గర ఏదైనా దాస్తున్నావా అని అడిగింది. చివరి మాట దగ్గర సునంద చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.  దాస్తున్న మాట నిజమేనని హైమకు తెలిసిపోయింది. మర్నాడు బలవంతం చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తం, గుండె, ఊపిరితిత్తులు అన్నీ చూశారు. ఏ లోపమూ లేదు. ఇంత ఆరోగ్యంగా ఉన్న మనిషి ఈ మధ్య మా దగ్గరికి రాలేదని డాక్టరు అన్నాడు.

ఇక మిగిలింది పరికరం. హైమ ఆదివారమంతా కూర్చుని ఇరవై ఏడో స్తంభం గీతలు వరసగా చూసింది. అప్పుడు గాని ఆమె కళ్లకు ఒక సంగతి ఆనలేదు. గీత ఎప్పుడు పడితే అప్పుడు లేవడం లేదు. సోమ, బుధ, శుక్రవారాల్లో, పదకొండు గంటల ప్రాంతంలో లేచి, పావుగంటలో దిగుతోంది. మిగతా రోజుల్లో ఉలుకూ పలుకూ లేదు.

ఆ మూడు రోజుల్లో పదకొండింటికి అక్కడ జరిగేది ఒక్కటే, ఫిల్టరు మార్చడం. ఆ పని చేసేది వీరేశం. భవనానికి ఏసీ గాలి సరఫరా చేసే విభాగంలో ఇంజనీరు. నలభై ఏడేళ్ల మనిషి, మాట తక్కువ, వరంగల్ పక్క పరకాలవాడు. నెమ్మదులను ఎక్కడ బిగిస్తే గాలి సరిగ్గా అందుతుందో హైమకు నేర్పింది అతనే. అతని పని మీద ఆమెకు గురి ఉంది.

సోమవారం పొద్దున్నే హైమ అతన్ని పిలిచి, మిగతా అంతస్తుల్లో ఫిల్టర్లు వారానికి ఒకసారే మారుస్తున్నారు కదా, ఇరవై ఏడో స్తంభానికి మూడుసార్లెందుకని అడిగింది.

వీరేశం మెడ తడుముకున్నాడు. “అక్కడ ప్రింటర్లు ఎక్కువున్నయ్ మేడం. దుమ్ము బాగ పడ్తది,” అన్నాడు.

హైమకు సమాధానం దొరికినట్టే అనిపించింది. కొత్త ఫిల్టరు వాసనకు రేకు మోసపోతున్నట్టుంది. పరీక్షించి చూడాలనుకుంది. ఆ రోజు తాను మారుస్తానని చెప్పి, అతన్ని పన్నెండో అంతస్తుకు పంపి, స్టూలు పట్టుకుని మూడో అంతస్తుకు వెళ్లింది. సునంద ఫోనులో ఎవరికో ఏ కాగితాలు తేవాలో చెబుతోంది. ఫోను పెట్టేసి, తలెత్తి, చెల్లెల్ని చూసి, ఆమె వెనక్కి కూడా చూసింది.

“వీరేశంగారు రాలేదా?” అంది.

వేరే పనుందని పంపినట్టు హైమ చెప్పింది. ఫిల్టరు మార్చి, ప్రయోగశాలకు తిరిగొచ్చి తెర చూసింది. గీత పడుకునే ఉంది. ఫిల్టరు తప్పేమీ లేదు.

బుధవారం పరీక్షను తిరగేసింది. ఫిల్టరు మార్చనక్కర్లేదు, ఉత్త చేతులతో వెళ్లి పరికరం మీద ఉన్న సంఖ్య చూసి రమ్మని వీరేశానికి చెప్పింది. అతను వెళ్లాడు. పదకొండూ అయిదుకు గీత నిటారుగా లేచింది.

హైమ రెండు రోజుల గీతలనూ పక్కపక్కన పెట్టుకుంది. ఆమె శాస్త్రజ్ఞురాలు. ఫిల్టరు ఉండి మనిషి లేకపోతే గీత లేవలేదు. మనిషి ఉండి ఫిల్టరు లేకపోయినా లేచింది. అయినా ఆమె బుర్ర ముందు చెడ్డవైపే పరుగెత్తింది. ఇతనేనా అక్కను బెదిరిస్తున్నది?

శుక్రవారం పదకొండుకు పది నిమిషాల ముందే మూడో అంతస్తులో కాఫీ మిషన్ పక్కన, జెరాక్స్ మిషన్ చాటున నిలబడింది. చేతిలో ఫోను, ఫోను తెర మీద ఇరవై ఏడో స్తంభం గీత. వీరేశం వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. స్టూలు వేసుకుని ఎక్కి, పరికరం వైపు తిరిగి మూత విప్పాడు. సునంద కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పలేదు. అతను గోడకు చెబుతున్నట్టు ఏదో చిన్న మాట అన్నాడు. సునంద టైపు చేస్తున్న వేళ్లు ఆగాయి. పెదాలు బిగబట్టింది. బుగ్గలు ఉబ్బాయి. అయినా ఆగక నవ్వు ముక్కులోంచి బయటికొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నట్టు నటించింది. స్టూలు మీది మనిషి మూత బిగిస్తూ, తనలో తాను వెలిగిపోతున్నాడు.

ఫోనులో గీత హద్దు దాటి, తెర పై అంచు తాకింది.

అక్క ముఖం అలా ఉండటం హైమ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆమెకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఎవరైనా చూస్తారని లిఫ్టు వైపు నడిచింది. లిఫ్టులో ఒంటరిగా నిలబడ్డాక అసలు సంగతి తలకెక్కింది. భయపడితే ఒళ్లు బిగుస్తుంది. నవ్వినా బిగుస్తుంది. ఎదురుచూసినా బిగుస్తుంది. తన పరికరానికి ఆ తేడా తెలియదు. ఇప్పటికే తొమ్మిదో అంతస్తులో పదిహేడుమంది కూర్చుని ఉన్నారు.

శనివారం పొద్దున సునంద సర్వపిండి చేస్తోంది. గిన్నెకు పిండి వత్తుతుంటే హైమ పక్కన నిలబడి, వీరేశంగారు ఏమని నవ్విస్తారు అని అడిగింది.

సునంద చెయ్యి ఆగింది. తర్వాత మళ్లీ వత్తడం మొదలుపెట్టింది.

“ఆరు నెలలైంది,” అంది. “నీ మిషన్ పెట్టనీకె వచ్చిండు. స్తంభానికి ఏ పక్క పెట్టాలె మేడం అని నన్నడిగిండు. నీకే ఎక్కువ తెలుస్తది గద అన్న. తెలుస్తది, కానీ అడిగితె మీరు మాట్లాడ్తరు అన్నడు.”

“నాకెందుకు చెప్పలే అక్కా?”

“ఎట్ల చెప్పాలె? ఈ వయసుల నాకే నమ్మబుద్ధి కాలే. నీకు చెప్తే నిజమైపోతది, నిజమైతే పోతదేమో అనిపించింది.”

మెల్లగా అంతా చెప్పింది. వీరేశం భార్య పోయి ఏడేళ్లయింది. కరీంనగర్‌లో నర్సింగు చదువుతున్న కూతురుంది, పేరు సంహిత. ఆ పిల్లకు ముందే తెలుసు. ఎప్పుడు చేసుకుంటారని వారం వారం ఫోను చేసి అడుగుతోంది. తెలియనిది హైమకొక్కదానికే. సర్వపిండి మాడింది. గిన్నెకంటిన మాడిన పెచ్చునే ఇద్దరూ గీరుకుని తిన్నారు. తింటుండగా సునంద ఒక్క మాట అడిగింది. మంగళవారం జరగబోయే సమావేశంలో తన పేరు చెప్పొద్దని. నా సంతోషం కాగితమ్మీద ఎక్కుడు నాకిష్టం లేదంది. హైమ మాటిచ్చింది.

మాటివ్వడం తేలికే గాని, మంగళవారం మూడింటికి మృదులగారి ముందు నిలబడాలి. నెమ్మదిని ఒకటో తారీఖు నుంచి పదకొండు నగరాల్లోని కార్యాలయాలన్నిటిలో పెట్టాలన్న నిర్ణయం ఆ రోజే. అది ఒప్పుకుంటే హైమ విభాగానికి పెద్ద అధికారి అవుతుంది, నలుగురి జట్టు నలభై అవుతుంది. వద్దంటే ప్రయోగశాలే ఉండకపోవచ్చు.

సోమవారం ఆమె తొమ్మిదో అంతస్తుకు వెళ్లింది. తన పరికరం పంపిన మనుషుల్ని అంతకుముందు ఒక్కసారైనా చూడలేదు. నీలిగోడల మధ్య, మెత్తటి కుర్చీల్లో పదిహేడుమంది ఎవరిమట్టుకు వారు కూర్చుని ఉన్నారు. ఆమె తానెవరో చెప్పింది. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఆమె వెళ్లిపోలేదు. ఒక్కొక్కరి దగ్గరా కుర్చీ లాక్కుని కూర్చుని, ఇక్కడికి రాకముందు ఆ రోజుల్లో మీకేం జరుగుతుండేదని అడిగింది.

ఇమ్మానుయేలు అనే అతనికి పెళ్లైన తొమ్మిదేళ్లకు భార్య నెల తప్పిందట. రోజూ మధ్యాహ్నం ఆమె ఫోను చేసి ఆ పూట ఏం తిన్నదో చెప్పేదట. రామానుజం అనే పెద్దాయన కచేరీకి సాధన చేస్తూ, లెక్కల మధ్యలో మనసులో స్వరాలు పాడుకునేవాడట. షహనాజ్ లెక్కల్లో తప్పులు వెతికే ఉద్యోగి, పాతికేళ్ల పిల్ల. పెద్ద తప్పు దొరికిందంటే నాకు పండగే మేడం, ఎవరికీ కనిపించకుండా కుర్చీలోనే కాళ్లాడించేదాన్ని అని చెప్పింది. చెబుతూ ఉత్సాహంగా నవ్వి, వెంటనే పైకప్పు వైపు చూసింది, అక్కడ కూడా పరికరం ఉందేమోనని. ఆ చూపు హైమ మనసులో ముల్లులా దిగింది.

పదిహేడుమందిలో పదకొండుగురి కథ ఇలాంటిదే. మిగతా ఆరుగురి విషయంలో నెమ్మది అబద్ధం చెప్పలేదు, వాళ్లు నిజంగానే భయంలో ఉన్నారు. వాళ్లలో రాజ్యలక్ష్మి అనే ఆమె తల్లి ఆసుపత్రిలో ఉంది. ఆమె గొంతు పెంచకుండా చెప్పింది.

“మీ మిషన్ సరిగ్గానే పట్టిందండీ. భయపడేదాన్ని. కానీ పని చేస్తున్నంతసేపూ కాస్త మర్చిపోయేదాన్ని. ఆ ఎనిమిది గంటలే నాకు ఊపిరాడేది. ఇప్పుడు రోజంతా దాంతోనే కూర్చుంటున్నాను.”

హైమ ఆమె చెయ్యి పట్టుకుని కొంతసేపు అక్కడే కూర్చుంది.

ఆ సాయంత్రం ప్రయోగశాలలో జట్టుకు సంగతంతా చెప్పింది, అక్క పేరు తప్ప. వాళ్ల రెండేళ్ల కష్టం అది. చివరికి వాళ్లలో ఒకతను, కంపెనీ వార్షికోత్సవం నాటి రికార్డు పూర్తిగా ఉందని గుర్తు చేశాడు. ఆ రోజు ఆడిటోరియంలో పన్నెండువందల మంది మధ్య నలభై పరికరాలు పెట్టి పరీక్షించారు. మధ్యలో అగ్నిప్రమాదపు గంట పొరపాటున మోగింది. గీత లేచింది. పరికరం పనిచేస్తోందనడానికి సాక్ష్యంగా ఆ ముక్క కత్తిరించి దాచుకుని, మిగతాది పనికిరాదని పక్కన పడేశారు. హైమ ఇప్పుడు ఆ పడేసిన ముక్క తెరిచి చూసింది.

మంగళవారం మూడింటికి పంతొమ్మిదో అంతస్తు గదిలో మృదులగారితో కలిపి తొమ్మిదిమంది పెద్దలున్నారు. హైమ నిలబడి రెండు గీతలు తెర మీద వేసింది. రెండూ పక్కపక్కనే, ఒకే ఎత్తు, ఒకే వాలు. రెండూ వార్షికోత్సవం నాటివేనని, వీటిలో ఒకటి గంట మోగి జనం బెదిరినప్పటిదని, అది ఏదో చెప్పమని అడిగింది. నలుగురు ఎడమవైపుదన్నారు, మరో నలుగురు కుడివైపుదన్నారు. మృదులగారు తనకు తెలియడం లేదన్నారు.

“రెండోది ఎప్పటిది?” అని అడిగారు.

సెక్యూరిటీ సిబ్బంది వేసిన నాటిక నడుస్తున్నప్పటిదని హైమ చెప్పింది. లిఫ్టు కోసం నిలబడి నిలబడి ఒక ఉద్యోగి అక్కడే రిటైరవుతాడు, సన్మానం కూడా లిఫ్టు ముందే జరుగుతుంది. ఆ నాటిక. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. దండ వేయబోతే లిఫ్టు తలుపు తెరుచుకుని అందరూ అతన్ని తోసుకుని ఎక్కేసిన సంగతి ఇంకొకరు గుర్తు చేశారు. అక్కడితో ఆగలేదు. తొమ్మిదిమందీ నవ్వారు. మృదులగారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

హైమ తెర మార్చింది. ఆ గదిలో తాను ముందుగానే పెట్టించిన నెమ్మది అప్పటికప్పుడు చూపిస్తున్న గీత అది. హద్దు దాటి పైకి పోతోంది.

నవ్వు మెల్లగా తగ్గింది. అందరూ ఆ గీతనే చూశారు. ఈ లెక్కన ఈ గదిలో ఉన్నవారెవరూ ఇవాళ సంతకం పెట్టకూడదని హైమ చెప్పింది. తర్వాత తొమ్మిదో అంతస్తు గురించి చెప్పింది. పదకొండుగురు సంతోషంగా ఉన్నందుకు అక్కడ కూర్చున్నారని, ఆరుగురికి మిగిలిన ఒక్క ఓదార్పూ మనమే లాక్కున్నామని, ఇందులో మొదటి తప్పు తనదని చెప్పింది. నాటిక నాటి గీతను చూడకుండా పారేసింది తానేనని దాచలేదు.

మృదులగారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

“తేడా తెలిసేలా దాన్ని బాగుచేయగలరా?” అని అడిగారు.

“బహుశా చేయగలనండీ, కొన్నేళ్లు పడుతుంది. కానీ చేయడం నాకిష్టం లేదు. మనుషుల సంతోషం కూడా మన తెర మీదికి వస్తుంది. అది వాళ్లది.”

ఆ మాటతో తన ఉద్యోగం పోయిందనుకుంది హైమ. మృదులగారు కాగితం దగ్గరికి తీసుకుని, పదకొండు నగరాల ప్రతిపాదన మీద అడ్డంగా ఒక గీత కొట్టారు. తర్వాత పదిహేడుమందినీ మర్నాడు పొద్దున్నే ఎవరి బల్ల దగ్గరికి వారిని పంపమన్నారు. మూడో అంతస్తులో ఎవరికో ఒకటో తారీఖు నుంచి ఉత్తర్వు ఉంది, అది కూడా రద్దు చేయమన్నారు. అదంతా అయ్యాక, ప్రయోగశాల మూతపడుతుందని మాత్రం దాపరికం లేకుండా చెప్పారు. హైమ తలూపింది. అది న్యాయమేననిపించింది, బాధా కలిగింది.

ఆ వారం వీరేశం నాలుగువందల పన్నెండు పరికరాలను ఒక్కొక్కటీ విప్పి అట్టపెట్టెల్లో సర్దాడు. ఇరవై ఏడో స్తంభం దగ్గర కాస్త ఎక్కువసేపు పట్టింది. పెట్టెలన్నీ హైమ పాత ఆసుపత్రికి వెళ్లాయి. అక్కడ ఉబ్బసమున్న పిల్లల వార్డులో, ఆయాసం మొదలయ్యే ముందే ఆ గీత లేస్తుందేమో పరీక్షించాలని డాక్టర్లు ఉత్సాహపడ్డారు. హైమ కూడా వాటి వెంటే వెళ్లింది. జీతం తగ్గింది. మొదటి నెలలోనే ఒక పాప ఆయాసం గీత ముందుగా పట్టుకున్నప్పుడు, వార్డంతా వినపడేలా ఆమె అక్కకు ఫోను చేసింది.

పెళ్లి నోటీసు గడువు ముప్పై రోజులూ పూర్తయిన బుధవారం పొద్దున, రిజిస్ట్రారు ఆఫీసులో సునందకూ వీరేశానికీ పెళ్లయింది. షహనాజ్ మల్లెపూలు తెచ్చింది. మూడో అంతస్తులో సగంమంది వచ్చారు, మిగతా సగం ఆఫీసులో ఫోన్లకు జవాబివ్వడానికి ఉండిపోయి, తర్వాత తమ వంతు విందు కావాలని కబురు పెట్టారు. కరీంనగర్ నుంచి వచ్చిన సంహిత హైమ పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టి, కలం తిరిగిస్తూ, ఎన్నాళ్లనుంచో తెలిసిన మనిషితో అన్నట్టు అంది.

“చిన్నమ్మా, నాకు ఆకలైతుంది. వీళ్ల ఫొటోలు ఇప్పట్ల అయ్యేటట్టు లెవ్వు.”

హైమకు అంతకుముందు ఎవరూ చిన్నమ్మ అనలేదు. ఆ పిల్లను పట్టుకుని గట్టిగా నవ్వింది. ఇద్దరూ కలిసి అందరినీ ఎదురుగా ఉన్న హోటలుకు తోలుకుపోయారు. బిర్యానీ తింటుండగా సునంద గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టింది. ఒంటిగంటన్నర అయ్యాక ఇక ఆగలేక, తాను ఒక్క గంట ఆఫీసుకు వెళ్లిరావాలంది. భూపాలపల్లిలో ఒకామె పిండిమిల్లు పెట్టుకోవడానికి మూడు నెలలుగా తిరుగుతోందనీ, ఇవాళ చెబుతానని మాటిచ్చాననీ అంది. పెళ్లినాడు కూడానా అని అందరూ కోప్పడ్డారు. వీరేశం బండి తాళాలు తీశాడు.

హైమ, సంహిత వెనకాలే ఆటోలో వెళ్లారు. సునంద మామిడిపండు రంగు పట్టుచీర మీద, మెడలో పూలదండ మీద గుర్తింపు కార్డు వేసుకుని గేటు దాటింది. మూడో అంతస్తులో అందరూ లేచి నిలబడ్డారు. కూర్చోండి, పనులు చూసుకోండి అంటూ ఆమె తన బల్ల దగ్గరికి నడిచి, కాగితాలు మరొక్కసారి చదివింది. ఒకచోట వేలు పెట్టి ఆగి, సరిచూసుకుని, సంతకం పెట్టింది. ఫోను అందుకుంది.

“అమ్మా, నేను సునందను,” అంది. “మీ మిల్లు మంజూరైంది. నిదానంగ వినుండ్రి, ఏడ్వకుండ్రి. రేపటిసంది ఏమేం చెయ్యాల్నో చెప్త, రాసుకోండ్రి.”

అవతల ఆమె ఏమన్నదో ఎవరికీ వినిపించలేదు. సునంద వింటూ వింటూ కళ్లు మూసుకుని, ఈసారి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, అంతస్తంతా వినబడేలా నవ్వింది.